పక్క పేజీలోని పటంలో చూపినట్టు

నేను కాపీ కొట్టానన్నారు. కొన్నేళ్ళు గడిచినా ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. బళ్ళో చేరిన దగ్గర్నుంచి డిగ్రీ దాకా ఏ పరీక్షలోనూ పక్కవాళ్ళ పేపరు వైపు మెడ తిప్పినదాన్ని కాదు. చీటీలు పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు అసహ్యం. అలాంటి నన్ను పట్టుకుని, కెనడాలో, మిస్సిసాగాలో, పిజ్జా కొట్టుకీ పళ్ళ డాక్టరు క్లినిక్కుకీ మధ్య ఇరుక్కున్న ఒక కాలేజీలో, ఘనా దేశపు ప్రభుత్వాల చరిత్ర కాపీ కొట్టి రాశానని నిలబెట్టి అడిగారు.

పశ్చిమ గోదావరి పిల్లకి పశ్చిమ ఆఫ్రికా ప్రభుత్వాలతో ఏం పని అని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను. నేను చేరింది సప్లై చెయిన్ డిప్లొమాలో. దాంతోపాటు సంబంధం లేని సబ్జెక్టు ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలట. ఆ ఏడాది మాలాంటి విదేశీ స్టూడెంట్లని ఎంతమందిని తెచ్చి పోశారంటే క్లాసులో కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఫొటోగ్రఫీ, ఆరోగ్యం, సంతోషంగా ఉండటం ఎలా, ఇలాంటి సుఖమైన సబ్జెక్టులన్నీ తెరిచిన నిమిషంలోనే నిండిపోయాయి. ఆ నిమిషంలో నేను ఎయిర్‌పోర్టు పక్కన వేర్‌హౌస్‌లో మందుల పెట్టెలు స్కాన్ చేస్తున్నాను. బ్రేక్‌లో ఫోన్ తీసి చూస్తే మిగిలింది ఒకటే: ఘనా, స్వాతంత్ర్యం తర్వాతి ప్రభుత్వాలు. ఘనా మ్యాపులో ఎక్కడుందో కూడా నాకు తెలీదు. అప్లై చేశా.

మాకు చెప్పే సార్‌ది ఘనాయే. యాభై ఏళ్ళుంటాయి. ఎంత చలిలోనైనా ఇస్త్రీ చొక్కా, టై. ఆయనకి కాలేజీలో గది లేదు, బల్ల లేదు. పొద్దున ఏజాక్స్ అనే ఊళ్ళో ఒక క్లాసు చెప్పి, నాలుగొందల ఒకటో హైవే మీద పడి మధ్యాహ్నానికి మా దగ్గరికి వచ్చేవారు. శుక్రవారాలు లండన్ వెళ్ళేవారు, ఇంగ్లండ్ లండన్ కాదు, మన ఒంటారియో లండనే. ఏ టర్మ్‌కి ఆ టర్మ్ కాంట్రాక్టు. పుస్తకం పేరుతో కాలేజీ మాకిచ్చింది ఒక ప్రింటవుట్ల కట్ట. అది ఆయన రాసింది కాదు, ఆయనకంటే ముందు ఎవరో తయారుచేసి పోయారు. సార్ దాన్ని తెరిచేవారే కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ కథలు చెప్పేవారు.

ఆయన కథ మొదలుపెట్టగానే మేం పెన్నులు కింద పెట్టేసేవాళ్ళం. ఇది మనవాళ్ళకే ఉన్న విద్య. మాస్టారు పుస్తకం వదిలి మాట్లాడుతున్నారంటే అది పరీక్షలో రాదని లెక్క. వెనక బెంచీలోంచి మావాడొకడు చెయ్యెత్తి, "సార్, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" అని అడిగేవాడు. సార్ ఒక్క క్షణం వాణ్ణి చూసి, "రాదు" అనేవారు. మేం ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

ఇక నా చదువు సంగతి చెప్పాలి. నాకు చదవడమంటే బట్టీయే. వేరే రకం చదువు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళప్పుడు సండే స్కూల్లో బైబిలు కంఠత వాక్యాల పోటీలో స్టీలు క్యారేజీ గెలుచుకున్నాను. పాస్టరమ్మగారు ఎంత మెచ్చుకున్నారో! తర్వాత విజయవాడలో హాస్టలు కాలేజీ. తెల్లారుజామునే వరండాలో బారులు తీరి, చెవులు మూసుకుని, గట్టిగా చదువుకుంటూ నడవాలి. నోరు ఆగితే వార్డెన్ వచ్చి నిలబడేది. పుస్తకంలో ఉన్నది పొల్లు పోకుండా దించితే ఫుల్ మార్కులు, ఒక మాట అటూ ఇటూ అయితే కోత. "సొంత కవిత్వాలొద్దు" అని పేపరు మీద ఎర్ర ఇంకుతో రాసేవారు. ఆ ఎర్ర ఇంకు నన్ను ఇంతదాన్ని చేసింది. ఇక్కడ మా బేస్‌మెంట్‌లో నా రూమ్మేట్, వరంగల్ పిల్ల, షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునేది. "ఏందే నీ గొణుగుడు, నిద్ర పోనియ్యవా?" అని దిండు విసిరేది. అందుకని కట్ట పట్టుకుని ప్లాజా పార్కింగ్‌లో అటూ ఇటూ తిరుగుతూ చదివేదాన్ని. మంచులో ఒక్కదాన్నే మాట్లాడుకుంటూ తిరుగుతున్న నన్ను చూసి పిజ్జా కొట్టు ఆయన ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్నాననుకునేవాడట.

ఘనా నాకు నోటికొచ్చేసింది. స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడు ముందు. ఆనకట్ట కట్టాడు, బళ్ళు కట్టాడు, ఆ తర్వాత తన పార్టీ తప్ప ఇంకో పార్టీ ఉండకూడదన్నాడు. ఆయన పరాయి దేశం వెళ్ళినప్పుడు చూసి సైన్యం, పోలీసులు కలిసి కుర్చీ లాగేశారు. కొన్నాళ్ళు సైన్యం ఏలి ఎన్నికలు పెడితే పెద్ద చదువులు చదివిన ప్రొఫెసరుగారు ప్రధాని అయ్యారు. ఆయన వచ్చీరాగానే, కాగితాల్లేని పరదేశీయులు రెండు వారాల్లో దేశం వదిలిపోవాలన్నారు. ఆయన్ని ఒక కల్నల్ దించాడు. కల్నల్‌ని తోటి జనరల్ దించాడు. ఆ జనరల్‌ని కుర్ర విమానాధికారి దించి, ఎన్నికైనవాళ్ళకి అప్పజెప్పి, రెండేళ్ళు దాటీ దాటగానే మళ్ళీ తనే వచ్చి కూర్చున్నాడు. చివరికి అదే మనిషి ఎన్నికలు పెట్టి గెలిచి, ఆఖర్న తన పార్టీ ఓడిపోతే, గెలిచినవాళ్ళకి కుర్చీ ఇచ్చి ఇంటికెళ్ళాడు. ఇప్పుడు నా మాటల్లో చెప్పాను కాబట్టి ఇలా ఉంది. కట్టలో ఇలా ఉండదు. "మార్కెట్ వ్యాపారులపై తగిన చర్యలు తీసుకోబడ్డాయి. తిరిగివచ్చిన పౌరులకు పునరావాసం కల్పించబడింది." ఇదీ దాని వరస.

పరీక్షలో ప్రశ్న అదే వచ్చింది. స్వాతంత్ర్యం నుంచి వరసగా వచ్చిన ప్రభుత్వాలను వివరింపుము. నా సంతోషం అంతా ఇంతా కాదు. కామాలతో సహా దించేశాను. అడిషనల్ షీట్లు కూడా తీసుకున్నాను. ఆ ఊపులో, కోకో పండే ప్రాంతాల గురించి రాస్తూ, "పక్క పేజీలోని పటంలో చూపినట్టు" అని కూడా రాసేశాను. నా ఆన్సర్ షీటులో పక్క పేజీలో పటం లేదు. ఏమీ లేదు. గీతల కాగితం.

తర్వాతి వారం మెయిల్ వచ్చింది. నా జవాబు పుస్తకంతో అక్షరాలా కలుస్తోందట. పరీక్ష హాల్లో ఫోనో, కాగితాలో దాచుకుని కాపీ కొట్టాననడానికి ఆ పటమే సాక్ష్యమట. రూలు ప్రకారం సారే పైకి పంపారట. విచారణకి రావాలి. తప్పు ఒప్పుకుంటే పరీక్షకి సున్నా, ఫైల్లో ఒక మచ్చ, అంతటితో సరి. ఒప్పుకోకుండా విచారణలో ఓడిపోతే సస్పెన్షన్ కూడా ఉండొచ్చు.

సున్నా అంటే వాళ్ళకి గుండ్రటి అంకె. నాకు అలా కాదు. సున్నా వస్తే సబ్జెక్టు పోతుంది. ఆ సబ్జెక్టు పోతే డిప్లొమా రాదు. మళ్ళీ రాద్దామంటే అప్పటికి నా స్టడీ పర్మిట్ అయిపోతుంది. డిప్లొమా లేనిదే వర్క్ పర్మిట్‌కి అప్లై చేసే దారి లేదు. దొంగ అనే పేరు పెట్టుకుని విమానం ఎక్కాలి. మా అమ్మకి ఏమని చెప్పాలి? "కాపీ కొట్టలేదమ్మా, ఎక్కువ చదివాను, అందుకని పంపించేశారు" అని చెప్పనా?

మా బేస్‌మెంట్ పైన ఉండే ఇంటి ఓనర్ అంకుల్ కాకినాడ మనిషి. రిటైరైన ఇంజనీరు. మంచివారే. చలికాలం నాకు బూట్లు కొనిపెట్టింది ఆంటీయే. సంగతి చెబితే అంకుల్ టీవీ సౌండు తగ్గించి తల పంకించారు.

"చూడమ్మా, సారీ చెప్పేసి సంతకం పెట్టెయ్. ఇక్కడ వీళ్ళతో పెట్టుకోకూడదు."

"నేను చెయ్యలేదు అంకుల్."

"నువ్వు చెయ్యలేదులే తల్లీ. చేసేవాళ్ళు చేస్తున్నారు కదా! ఇప్పుడసలే టీవీ నిండా మీ స్టూడెంట్స్ గోలే. ఇళ్ళు దొరక్కపోవడానికి మీరే కారణం, ఆస్పత్రుల్లో క్యూలకి మీరే కారణం అంటున్నారు. మేం వచ్చిన రోజుల్లో తెలుగువాళ్ళంటే ఎంత గౌరవమో తెలుసా? నువ్వు గొడవ చేస్తే అందరి పేరూ పోతుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యని తప్పు ఒప్పుకుంటే పేరు నిలబడుతుందా? ఒప్పుకోకపోతే పోతుందా? పైగా ఇళ్ళు లేకపోవడానికి కారణం నేనట! నేనుంటున్నది ఆయన బేస్‌మెంట్‌లో. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆంటీ పప్పుచారు గిన్నె చేతికిస్తూ కళ్ళతోనే వద్దంది. మింగేశాను.

విచారణ రోజు అంకులే కారులో దింపారు, అది కూడా చెప్పాలి. లోపల ముగ్గురున్నారు. కాలేజీ డీన్, తెల్లజుట్టు ఆవిడ. ఇలాంటి కేసులు చూసే ఆఫీసరు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో, ముందు లాప్‌టాప్. మూలకి సార్, టై సర్దుకుంటూ. ఆయన్ని చూడగానే కడుపు మండింది. రూలట రూలు! పిలిచి ఒక్క మాట అడిగితే ఏం పోయింది?

ఆఫీసరు నా పేపరూ కట్టా పక్కపక్కన పెట్టి పసుపు రంగు పూసిన వాక్యాలు చూపించాడు. పేపరంతా పసుపే, పెళ్ళికూతురి కాళ్ళలా. "దీన్ని మీరు ఎలా వివరిస్తారు?" అన్నాడు.

"బట్టీ పట్టాను" అన్నాను. ఇంగ్లీషులో చెప్పేసరికి వాళ్ళకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "మొత్తం కట్ట నాకు నోటికొచ్చు."

"మొత్తమా? ఎనభై పేజీల పైనే ఉంది."

"ఏ పేజీ కావాలో అడగండి."

అతను చిన్నగా నవ్వాడు. అదిగో, ఆ నవ్వు. నా జీవితంలో ఏ తిట్టూ నన్ను అంత కాల్చలేదు. "ఇది కవితా పఠనం పోటీ కాదండీ" అన్నాడు.

"చెప్పనివ్వండి" అన్నారు సార్ మూలనుంచి. అంతసేపూ ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. అలా నిలబడకపోతే నాకు రాదు. స్వాతంత్ర్యం దగ్గర మొదలుపెట్టి గడగడా అప్పజెప్పాను. నాయకుడు వచ్చాడు, ఆనకట్ట వచ్చింది, సైన్యం వచ్చింది, ప్రొఫెసరు వచ్చాడు. "పక్క పేజీలోని పటంలో చూపినట్టు" దగ్గర డీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు వేలు పెట్టుకుని కట్టలో వరసలు వెతుక్కుంటున్నాడు, పేజీ తిప్పడంలో నాకంటే వెనకపడ్డాడు. "పేజీ తిప్పండి" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

"మార్కెట్ వ్యాపారులపై తగిన చర్యలు తీసుకోబడ్డాయి" అనగానే సార్ చెయ్యెత్తి ఆపారు.

"ఎవరా వ్యాపారులు?" అన్నారు.

తర్వాతి వాక్యం తన్నుకొస్తోంది కానీ ఆయన అడిగినదానికి జవాబు అది కాదు.

"ఏం చర్యలు?" అన్నారు.

కట్టలో లేదు. కట్టలో లేనిది నాకెలా తెలుస్తుంది?

సార్ డీన్ వైపు తిరిగి, ఈ అమ్మాయి కాపీ కొట్టలేదు, కానీ జవాబు కూడా రాయలేదు, అన్నారు. ఆఫీసరు ఒంటికాలి మీద లేచాడు. జ్ఞాపకం ఉంచుకున్నా అది తన సొంత మాట కాదు కదా అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "వివరించమన్నారు, వివరించాను. మీరిచ్చిన కట్టే, మీరు రాయించిన మాటలే. అందులో తప్పుంటే కట్టకి వెయ్యండి సున్నా!" అన్నాను. గొంతు వణికింది. ఏడుపు కాదు, కోపం. వాళ్ళకి తేడా తెలిసిందో లేదో.

బయట కూర్చోబెట్టి మళ్ళీ పిలిచారు. కాపీ అభియోగం తీసేశారు. కానీ పేపరు చెల్లదు. వచ్చే వారం ఆఫీసరు ఎదురుగా కూర్చుని మళ్ళీ రాయాలి. కట్టలోని వాక్యం ఒక్కటి కనిపించినా సున్నాయే. ప్రశ్న సార్ ఇస్తారు.

రూమ్మేట్‌కి చెబితే, "గెలిచినవ్ గదనే, మల్ల మొఖం గట్ల పెట్టినవేంది?" అంది. గెలవడమా! నాకున్న ఒక్క ఆయుధం లాక్కుని ఇప్పుడు యుద్ధం చెయ్యమన్నారు. సొంత మాటలు రాయడం నాకు పుట్టాక ఎప్పుడూ తెలీదు. రాసినప్పుడల్లా ఎర్ర ఇంకు పడింది. అక్కడ సొంతం రాస్తే తప్పు, ఇక్కడ రాయకపోతే తప్పు. మధ్యలో చచ్చేది నేను.

సార్‌ని వెతుక్కుంటూ వెళ్ళాను. ప్లాజా చివర కాఫీ షాపులో మూల బల్ల ఆయన ఆఫీసు. పేపర్లు దిద్దుకుంటున్నారు. పలకరింపులు కూడా లేకుండా అడిగేశాను.

"సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఏమైనా చెప్తారా?"

ఆయన పెన్ను కింద పెట్టి పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ఆఫీసరు నవ్వులాంటిది కాదు. కుర్చీ చూపించారు.

"నన్నెందుకు పైకి పంపారు సార్?" అన్నాను. అది అడగకపోతే నాకు ఊపిరాడదు.

"పంపకపోతే నా కాంట్రాక్టు పోతుంది. నిన్ను నమ్మాను. నమ్మి పంపాను. అది నీకు అన్యాయమే" అన్నారు. సమర్థించుకోలేదు. నాకు ఇంకా తిట్టాలనే ఉంది కానీ అలా ఒప్పుకున్నవాళ్ళని ఏం తిడతాం?

తర్వాత ఆయనే చెప్పారు. మామూలుగా చెప్పారు, క్లాసులో చెప్పినట్టే. ఆయన అమ్మ రాజధానిలోని పెద్ద బజారులో గుడ్డలమ్మేది. రంగురంగుల పూల గుడ్డలు, తలెత్తి చూసేంత ఎత్తు దొంతర్లు. కుర్ర విమానాధికారి ప్రభుత్వం వచ్చాక, ధరలు పెరగడానికి ఈ బజారు ఆడవాళ్ళే కారణం, సరుకు దాచేస్తున్నారు అన్నారు. సైనికులు వచ్చి బజారు బజారంతా నేలమట్టం చేశారు. ఆడవాళ్ళని అందరి ముందూ కొట్టారు. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారట. ఆయనకి ఆరేళ్ళు. అమ్మ ఆయన్ని తీసుకుని నైజీరియా వెళ్ళిపోయింది. అక్కడ రోడ్డు పక్కన అన్నం వండి అమ్మింది. నాలుగేళ్ళు తిరక్కుండా అక్కడి ప్రభుత్వం, మా ఉద్యోగాలు పోవడానికి ఘనావాళ్ళే కారణం, పొండి అంది. లక్షలమంది ఉన్నపళంగా కదిలారు. పెట్టెలు కొనే తీరిక లేక, ప్లాస్టిక్ గళ్ళ సంచుల్లో దొరికింది కుక్కుకుని లారీలెక్కారు. ఆ సంచికి ఆ దేశాల్లో ఇప్పటికీ ఘనావాళ్ళని పొమ్మనే మాటే పేరట.

"అంతకుముందు మా ప్రొఫెసరు ప్రధాని నైజీరియావాళ్ళని పొమ్మన్నాడు. మా అమ్మ పక్క కొట్టు వాళ్ళదే. అప్పుడు మావాళ్ళు చప్పట్లు కొట్టారు" అన్నారు.

ఆ గళ్ళ సంచి నాకు తెలుసు. నీలం, ఎరుపు గళ్ళు. అలాంటి దాంట్లోనే మా అమ్మ నాకు పచ్చళ్ళు, దుప్పట్లు సర్ది హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఎక్కించింది. ఆ సంచి మా బేస్‌మెంట్‌లో మంచం కింద ఉంది.

"చర్యలు తీసుకోబడ్డాయి అంటే ఇదా సార్?" అన్నాను.

"నీ ఊళ్ళో గవర్నమెంటు మారితే ఏమవుతుంది? కట్టలో ఏముందో కాదు, మీ వీధిలో ఏమవుతుంది?" అన్నారాయన. "ఇంపార్టెంట్ క్వశ్చన్ అదే. పో."

బస్సులో కూర్చున్నాక నాకు మా అమ్మ గరిటె గుర్తొచ్చింది. మా అమ్మ బళ్ళో మధ్యాహ్న భోజనం వండేది. మా వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఆ పని ఇచ్చారు. గవర్నమెంటు మారినప్పుడల్లా మా పంచాయతీ ఆఫీసుకి రంగు మారేది, దాంతోపాటు బళ్ళో వంటమనిషీ మారేది. ఒకసారి పొద్దున్నే పప్పు పొయ్యి మీదుండగానే వచ్చి, "మీరు వాళ్ళ మనుషులు, దిగండి" అన్నారు. అమ్మ ఎవరి మనిషీ కాదు. ఓటు ఎవరికేసిందో మా నాన్నకే చెప్పేది కాదు. గరిటె మాత్రం మనదేనని చేత్తో పట్టుకుని ఇంటికి నడిచొచ్చింది. నేను ఆ బళ్ళోనే ఏడో తరగతి. కిటికీలోంచి చూశాను. ఆ మధ్యాహ్నం పప్పు మాడిపోయింది. ఊళ్ళో కొందరు, మంచి పని అయింది, వీళ్ళు బియ్యం దొంగిలించేవాళ్ళు అని కూడా అన్నారు. మా ఇంట్లో ఆ పూట గంజి. దొంగిలించిన ఇల్లు అలాగే ఉంటుందా?

ఇదంతా నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. పరీక్షలో రాని విషయం కదా.

వారం తిరిగింది. ఆఫీసరు నా ఫోన్ తీసుకుని, ఎదురుగా కూర్చున్నాడు. ప్రశ్న ఒక్క వాక్యం: ప్రభుత్వాలు మారినప్పుడు ఎవరికి ఏం మారింది? పెన్ను పట్టుకుంటే కట్టలోని వాక్యాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఒక్కోదాన్నీ తోసేయాల్సి వచ్చింది. చివరికి నా వంకర ఇంగ్లీషులో, ఒక ఆడమనిషి గుడ్డలమ్మేది, అని మొదలుపెట్టాను. ఇక ఆగలేదు. ఏ ప్రభుత్వం వచ్చినా ముందు ఒకరిని వెతుకుతుంది, వీళ్ళ వల్లే మీ కష్టాలు అని చూపించడానికి, అని రాశాను. ఒకచోట బజారు ఆడవాళ్ళు, ఒకచోట పక్క దేశంవాళ్ళు, మా ఊళ్ళో వంటమనిషి, ఇక్కడ స్టూడెంట్లు అని రాశాను. కాలేజీలు పిలిచాయి, గవర్నమెంటు స్టాంపు వేసింది, వేర్‌హౌస్‌లు పని చేయించుకున్నాయి, ఇప్పుడేమో ఇళ్ళు మేం తినేశామంటున్నారు అని కూడా రాశాను. చప్పట్లు కొట్టేవాళ్ళు ఏ దేశంలోనైనా దొరుకుతారని రాశాను. అలా రాస్తుంటే మా అంకుల్ గుర్తొచ్చారు. అయినా కొట్టేయలేదు.

పాసయ్యాను. నా జీవితంలో వచ్చిన అతి తక్కువ మార్కులు అవి. మార్జిన్‌లో మూడు చోట్ల స్పెల్లింగు దిద్ది, కింద సార్ ఒక టిక్కు పెట్టారు. ఇంకేమీ రాయలేదు. డిప్లొమా వచ్చింది, వర్క్ పర్మిట్‌కి అప్లై చేశా.

కథ అక్కడితో ఐపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. ఆ చలికాలమే స్టూడెంట్ పర్మిట్లు తెగ్గోశారు. టీవీలో మంత్రి మాట్లాడుతుంటే మా అంకుల్ "ఇప్పటికైనా మంచి పని చేశారు" అన్నారు. తర్వాత కొన్ని నెలలకి బేస్‌మెంట్‌కి మనుషులు దొరక్క ఆయనే బోర్డు పెట్టుకున్నారు, అది వేరే సంగతి. మమ్మల్ని కిటికీ గట్ల మీద కూర్చోబెట్టిన కాలేజీ ఉన్నట్టుండి క్లాసులు మూసేసింది. మాకందరికీ మెయిల్ పంపారు. మారిన పరిస్థితుల్లో బోధనా సిబ్బంది విషయమై తగిన చర్యలు తీసుకోబడ్డాయి, అని. ఎవరు, ఎవరిని, ఎందుకు, ఒక్క మాట లేదు. అది చదివి ఫోన్ మంచం మీదకి విసిరికొట్టాను.

ఆంటీ చేసిన కజ్జికాయలు డబ్బాలో పెట్టుకుని ప్లాజాకి పరిగెత్తాను. సార్ పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి నిలబడ్డారు. కాలేజీ బీరువాలో ఉన్న ఆయన పుస్తకాలు నింపిన రెండు సంచులు కింద ఉన్నాయి. నీలం, ఎరుపు గళ్ళవి. ఆయన నన్ను చూసి, నేను ఆ సంచుల్ని చూడటం చూసి, "చవగ్గా దొరుకుతాయి, గట్టివి" అన్నారు. నవ్వారు కూడా. నాకు నవ్వు రాలేదు.

ఒక సంచి నేను ఎత్తాను. ఒకటి ఆయన ఎత్తారు. డిక్కీలో పెట్టాక కజ్జికాయ ఒకటి కొరికి, అక్కడే నిలబడి, "నువ్వు మా అమ్మ గురించి రాసింది ఇంకోసారి చెప్పు. ఆ పేపరు వాళ్ళు నాకు ఉంచుకోనివ్వలేదు" అన్నారు.

చేతులు కట్టుకున్నాను. అలవాటు. కానీ ఒక్క వాక్యం గుర్తు రాలేదు. ఎనభై పేజీల కట్ట ఇప్పటికీ లేపి అడిగితే చెబుతాను, పటంతో సహా. నేను రాసింది మాత్రం పోయింది. ఎలా మొదలుపెట్టానో, ఏ మాట తర్వాత ఏ మాట వేశానో ఏదీ లేదు. నోటికొచ్చింది కట్టలోని వాక్యమే. దాన్ని అక్కడే కొరికి పారేసి చేతులు విప్పాను.

"మీ అమ్మ కొట్టు కూల్చేశారు సార్" అన్నాను. "కూల్చినవాళ్ళకి పేర్లున్నాయి. మా అమ్మని పప్పు మాడుతుండగా లేపేశారు, లేపినవాడి ఇల్లు నాకు తెలుసు. ఇవాళ మిమ్మల్ని వెళ్ళగొట్టారు. ఎవరు వెళ్ళగొట్టారో మెయిల్లో రాయలేదు. నేను అడుగుతాను."

సార్ కజ్జికాయ పొడి టై మీంచి దులుపుకున్నారు. "ఇది నువ్వు ఆ రోజు రాసింది కాదు" అన్నారు.

"కాదు" అన్నాను. "ఇప్పుడే వచ్చింది."